తాతయ్య నోట కార్తెలు, పిల్లల నోటుబుక్కులో పాఠాలు



అక్టోబరు చివరికి వచ్చేసరికి కొందరు పిల్లలు దయ్యం మాస్కు కావాలని ఇంట్లో అడుగుతారు. హాలోవీన్ అంటే ఏమిట్రా అంటే 'దయ్యాల పండుగ' అని ఒక్క ముక్కలో చెప్పేస్తారు. మాస్కు కొనాలా వద్దా అన్నది మీ ఇష్టం. అయితే ఆ పండుగ ఎక్కడ పుట్టిందో తెలిస్తే, అది మన బోనకల్ చేలగట్ల మీద పెద్దలు మాట్లాడుకునే మాటలకు చాలా దగ్గరగా కనిపిస్తుంది. ఈ నెల మనం ఆ సంగతే చెప్పుకుందాం.

హాలోవీన్ పుట్టింది పొలంలోనే

ఐర్లండ్, స్కాట్లండ్ ప్రాంతాల్లో కెల్టిక్ భాషలు మాట్లాడిన రైతులు, పశువుల కాపరులు ఏడాదిని నాలుగు పండుగలతో గుర్తుపెట్టుకున్నారు. ఫిబ్రవరి మొదట్లో గొర్రెలు ఈనే కాలం, మే మొదట్లో పశువులను కొండ మేతకు తోలే కాలం, ఆగస్టు మొదట్లో తొలి పంట కాలం, నవంబరు మొదట్లో కోతలు ముగిసి మందలు ఇంటికి చేరే కాలం. ఈ నాలుగో పండుగ పేరు సౌవెన్. వెలుగు తగ్గి చలి రోజులు మొదలయ్యే ఆ రాత్రి చనిపోయినవారు తిరుగుతారని నమ్మేవారు. ముల్లంగి జాతి దుంపను తొలిచి అందులో దీపం పెట్టేవారు. అమెరికాకు వలస వెళ్ళినవారికి అక్కడ గుమ్మడికాయ సులువుగా దొరికింది. నేటి హాలోవీన్ గుమ్మడికాయ కథ అదే.

ఐర్లండ్ వాళ్ళ భాషలో నవంబరు నెల పేరు ఇప్పటికీ సౌవెనే. ఫిబ్రవరి పండుగకు కూడా బ్రిజిడ్ పేరు మీద 2023 నుంచి ప్రభుత్వ సెలవు ఇస్తున్నారు.

మన దగ్గర ఇరవై ఏడు

వాళ్ళు ఏడాదిని నాలుగు చోట్ల గుర్తు పెట్టుకుంటే, మన రైతులు 27 చోట్ల గుర్తు పెట్టుకున్నారు. అవే కార్తెలు. 365 రోజులను 27తో భాగిస్తే సుమారు పదమూడున్నర రోజులు వస్తాయి. ఒక్కో కార్తె అన్ని రోజులు ఉంటుంది. ఉగాది, దసరా తిథిని బట్టి వస్తాయి కాబట్టి ఏటా తేదీ మారుతుంది. కార్తె సూర్యుణ్ణి బట్టి వస్తుంది కాబట్టి, సంక్రాంతి లాగే ఒక రోజు అటూ ఇటూగా ఏటా అదే తేదీకి వస్తుంది.

మే 25 ప్రాంతంలో రోహిణి. రోళ్ళు పగిలే ఎండ అంటారు. జూన్ 8 ప్రాంతంలో మృగశిర. నైరుతి రుతుపవనాలు మామూలుగా తెలంగాణకు చేరేది ఆ రోజుల్లోనే. ఆ కార్తె మొదటి రోజు చేపల కూర వండుకోని ఊరు మన వైపు అరుదు. తర్వాత ఆరుద్ర. ఆగస్టు మధ్య నుంచి మఖ, ఆ వెంటనే పుబ్బ. ఈ రెండింట్లో వాన తప్పితే కరువేనని పెద్దల మాట. వాన మీద ఆధారపడిన పైర్లకు నీరు బాగా కావలసిన రోజులవి. అక్టోబరు రెండో వారంలో చిత్త. హాలోవీన్ నాటికి నడిచేది స్వాతి. మీ ఇంట్లో పత్తి ఉంటే, తీతకు వచ్చిన పత్తి మీద స్వాతి వాన పడితే ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు.

మన పండుగల్లో కూడా ఈ లెక్క కనిపిస్తుంది. తంగేడు, గునుగు విరగబూసే కాలంలోనే బతుకమ్మ వస్తుంది. భద్రాచలం వైపు అడవిలో కోయ గూడేల్లో విత్తనం చల్లే ముందు భూమి పండుగ చేస్తారు. కొత్త పంటను ముందుగా దేవతలకు పెట్టి కొత్తల పండుగ చేశాకే తాము తింటారు.

సామెతను ఎంతవరకు నమ్మాలి?

సైన్సు చదివే పిల్లలు ఈ ప్రశ్న తప్పక అడుగుతారు, అడగాలి కూడా. చిత్త వాన తన చిత్తం వచ్చిన చోటే పడుతుందంటారు. రుతుపవనాలు వెనక్కి మళ్ళే ఆ రోజుల్లో ఉరుములతో కూడిన వాన ఒక చేనులో పడి పక్క చేనులో పడకపోవడం మామూలే. ఈ మాట కళ్ళారా చూసి చెప్పినది.

అయితే మృగశిర వచ్చిందని వాన చూడకుండా విత్తనం వేస్తే మొలక ఎండిపోయి, మళ్ళీ విత్తనం కొనాల్సి వస్తుంది. నేల బాగా తడిశాకే విత్తాలి. కాలువలు, బోర్లు వచ్చాక, కొత్త రకాల విత్తనాలు వచ్చాక పాత లెక్కలు కొన్ని మారాయి. పైగా నక్షత్రాల లెక్కకూ రుతువుల లెక్కకూ మధ్య సుమారు 72 ఏళ్ళకు ఒక రోజు తేడా వస్తుంది. కాబట్టి సామెతను కొట్టిపారేయనూ వద్దు, కళ్ళు మూసుకుని నమ్మనూ వద్దు. రాసిపెట్టుకుని, వానతో సరిచూసుకోవాలి.

ఐర్లండ్ పిల్లలు చేసిన పని

1937 నుంచి 1939 వరకు ఐర్లండ్ ప్రాథమిక పాఠశాలల్లో ఒక పెద్ద పని జరిగింది. పై తరగతుల పిల్లలు వ్యాసరచనకు బదులు ఇంటికి వెళ్ళి తాతయ్యలను, నానమ్మలను, ఇరుగుపొరుగు పెద్దలను అడిగి పాత సంగతులు రాసుకొచ్చారు. పండుగలు, వాన గుర్తులు, ఇంటి వైద్యాలు, ఆటలు, ఊరి కథలు అన్నీ రాశారు. సుమారు 5,000 బడుల నుంచి 50,000 మంది పిల్లలు పాల్గొన్నారు. పిల్లల చేతిరాతలో ఉన్న ఆ పుటలను ఇప్పుడు ఎవరైనా ఇంటర్నెట్‌లో చదవవచ్చు. ఆనాడు మాట చెప్పిన తాతలు లేరు. వాళ్ళ మనవల మనవలు ఆ మాట చదువుకుంటున్నారు.

మన ఇళ్ళలో ఆ పని ఇంకా చేయవచ్చు. నాగలి పట్టి, కార్తె చూసి సేద్యం చేసిన తరం ఇప్పుడు డెబ్బై దాటింది. 'స్వాతి పెట్టిందిరా' అని తాతయ్య అన్నప్పుడు స్వాతి ఎవరు అని పిల్లవాడు అడిగితే మనం నవ్వి ఊరుకుంటున్నాం. ఆ ప్రశ్నకు జవాబు చెప్పగల మనిషి పక్క గదిలోనే ఉన్నారు.

ఇంట్లో చేయించండి

1. ఒక పాత నోటుబుక్కు తీసుకుని 27 కార్తెల పేర్లు, తేదీలు రాయించండి. ఇంట్లో పంచాంగం, గోడ క్యాలెండరు చాలు.

2. వారానికి ఒక రోజు పదిహేను నిమిషాలు తాతయ్య దగ్గరో అమ్మమ్మ దగ్గరో కూర్చోబెట్టండి. దూరంగా ఉంటే ఫోన్ చేయించండి. ఈ కార్తెలో ఏం విత్తేవారు? ఏం వండేవారు? ఏ సామెత చెప్పేవారు? చెప్పినవారి పేరు, ఊరు కూడా రాయాలి. వాళ్ళ మాటను వాళ్ళ యాసలోనే రాయనివ్వండి, దిద్దవద్దు.

3. ప్రతి కార్తెలో వాన పడిన రోజులు లెక్కపెట్టి పక్కనే వేయించండి. ఏడాది తర్వాత ఏ సామెత నిలిచిందో పిల్లలే చెబుతారు.

4. డిసెంబరు రాత్రి ఎనిమిది గంటలకు డాబా మీదికి వెళ్ళి తూర్పు వైపు చూపించండి. ఒకే వరుసలో మూడు చుక్కలు కనిపిస్తాయి. వాటికి ఎడమ పక్కన ఎర్రగా మెరిసేది ఆరుద్ర. ఆరుద్ర కార్తె ఉన్న జూన్ నెలాఖరులో అది ఎందుకు కనిపించదో ఆలోచించమనండి. అప్పుడు సూర్యుడు అదే దిక్కున ఉంటాడు. భూమి సూర్యుని చుట్టూ తిరుగుతుందన్న పాఠం అక్కడే అర్థమవుతుంది.

దీనికి మార్కులు లేవు, ఫీజు లేదు. ఈ అక్టోబరులో మాస్కు కొన్నా సరే, కొనకపోయినా సరే, నోటుబుక్కు మాత్రం స్వాతి కార్తెతో మొదలుపెట్టించండి. తాతయ్యను అడగడం వచ్చే ఏడాదికి వాయిదా వేయకండి.