చిల్లర కంపెనీల టర్మ్ లోన్లు: అరువిచ్చే టోకు వర్తకులు చూడవలసిన లెక్క

పప్పులు, నూనెలు, పంచదార, కూల్‌డ్రింకులు అమ్మే పెద్ద చిల్లర కంపెనీలకు సరుకు అరువిచ్చేటప్పుడు టోకు వర్తకులు సాధారణంగా దుకాణాల సంఖ్యను, అమ్మకాల జోరును చూస్తారు. ఆ కంపెనీకి బ్యాంకుల వద్ద దీర్ఘకాలిక రుణం ఎంత ఉంది, దానిని ఎన్నేళ్లలో తీర్చాలి అన్నది అంతకంటె ముఖ్యం. బ్యాంకు కిస్తీకి డబ్బు చాలనప్పుడు ముందుగా ఆగేది టోకు వర్తకుని బిల్లే.

రెండు రకాల రుణం

సరుకు నిల్వల హామీపై బ్యాంకులు ఇచ్చేది క్యాష్ క్రెడిట్. సరుకు అమ్ముడైన కొద్దీ అది తీరుతూ ఉంటుంది. భవనం, గిడ్డంగి, శీతల గదుల నిమిత్తం ఇచ్చేది టర్మ్ లోను. దానిని ఏటేటా మిగులులోంచి తీర్చాలి. కిరాణా వ్యాపారంలో మిగులు పలచన గనుక గడువు దీర్ఘంగా ఉండడం అవసరం.

ఉదాహరణకు, ఒక కంపెనీ ఏడాదికి రూ. 60 కోట్ల సరుకు అమ్ముతున్నదనుకుందాం. ఖర్చులు పోగా నూటికి 4 రూపాయల చొప్పున రూ. 2.40 కోట్లు మిగులుతాయి. 10 శాతం వడ్డీపై రూ. 8 కోట్ల రుణాన్ని 8 ఏళ్లకు తీసుకుంటే మొదటి ఏడు అసలు కోటి, వడ్డీ 80 లక్షలు, మొత్తం రూ. 1.80 కోట్లు. ఇబ్బంది లేదు.

అదే రుణం 3 ఏళ్ల గడువుపై తీసుకుంటే మొదటి ఏడు చెల్లించవలసినది రూ. 3.47 కోట్లు. తక్కువ పడేది రూ. 1.07 కోట్లు. కొనుగోళ్లు ఏడాదికి రూ. 51 కోట్లయితే, రోజుకు సుమారు రూ. 14 లక్షలు. అంటే సరుకు బిల్లులను దాదాపు 8 రోజులు ఆలస్యం చేస్తే బ్యాంకు కిస్తీ కట్టవచ్చు. రెండో ఏడు లోటు పూడాలంటే మరో 6 రోజులు కావాలి. అరువు గడువు క్రమంగా సాగుతున్నదంటే, బ్యాంకు అప్పులో కొంత వర్తకుని నెత్తిన పడుతున్నట్లే.

రెండు దారులు

డీమార్ట్ దుకాణాల యాజమాన్య సంస్థ అవెన్యూ సూపర్‌మార్ట్స్, అధిక భాగం దుకాణాలను సొంత భవనాలలో నడుపుతుంది. 2017లో వాటాల జారీ ద్వారా రూ. 1,870 కోట్లు సేకరించి, అందులో రూ. 1,080 కోట్లను రుణాలు, డిబెంచర్లు తీర్చడానికి కేటాయించింది.

బిగ్ బజార్ నడిపిన ఫ్యూచర్ రిటైల్ ప్రధానంగా అద్దె స్థలాలపై ఆధారపడింది. 2022 ఆరంభంలో బ్యాంకులకు రూ. 3,494 కోట్లకు పైగా చెల్లించలేకపోయింది. అనేక దుకాణాల లీజులు చేజారాయి. బ్యాంక్ ఆఫ్ ఇండియా దరఖాస్తుపై 2022 జూలైలో ముంబయి కంపెనీ లా ట్రిబ్యునల్ దివాలా ప్రక్రియ ప్రారంభించగా, 2024లో లిక్విడేషన్‌కు ఆదేశాలు వెలువడ్డాయి.

చట్టంలో వర్తకుని స్థానం

2016 దివాలా చట్టం ప్రకారం లిక్విడేషన్‌లో వచ్చిన సొమ్ములో ముందు ప్రక్రియ ఖర్చులు తీరాలి. తర్వాత 24 నెలల కార్మిక బకాయిలు, తమ హామీ ఆస్తిని లిక్విడేషన్‌కు అప్పగించిన బ్యాంకులు సమాన స్థాయిలో వస్తాయి. ఆపైన ఉద్యోగుల జీతాలు, హామీ లేని ఆర్థిక రుణదాతలు, ప్రభుత్వ బకాయిలు. సరుకు అరువిచ్చిన వర్తకుల వంతు వీటన్నిటి తర్వాతే.

పరిశీలించవలసినవి

కంపెనీ ఆస్తులపై ఛార్జీల వివరాలను కంపెనీల రిజిస్ట్రారు రికార్డులలో చూడవచ్చు. సరుకు నిల్వలు సైతం తాకట్టులో ఉంటే వర్తకునికి మిగిలే ఆధారం స్వల్పం. బ్యాలెన్సు షీటులో దీర్ఘకాలిక రుణంతో పాటు, ఏడాదిలోగా కట్టవలసిన కిస్తీలను కూడా చూడాలి. అవి స్వల్పకాలిక రుణాల పద్దు కింద ఉంటాయి. 2019 ఏప్రిల్ నుంచి అమలులోకి వచ్చిన అకౌంటింగు ప్రమాణం వర్తించే కంపెనీలలో అద్దె బాధ్యతలు సైతం విడిగా కనిపిస్తాయి.

కిస్తీలు, వడ్డీ, అద్దెలు కలిపి ఏటా వచ్చే మిగులును మించుతున్న కంపెనీకి అరువు పరిమితి తగ్గించడం, పాత బిల్లు వసూలయ్యాకే కొత్త లారీ లోడు పంపడం వర్తకులకు శ్రేయస్కరం.