ధనుర్మాసపు చలిలో శునక సంరక్షణ

విజయవాడ అనగానే ఎవరికైనను ఎండలే స్ఫురించును. శీతాకాలములో సైతము ఇచ్చటి రాత్రి ఉష్ణోగ్రత సాధారణముగా 20 డిగ్రీల సెంటీగ్రేడుకు కొంచెము అటూ ఇటూగా ఉండును. ఈమాత్రపు చలికి కుక్కల సంరక్షణ ఏల అని విద్యార్థి మిత్రులు ప్రశ్నింపవచ్చును. అందుకు సమాధానము చెప్పుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

మన డెల్టాలో చలికి తేమ తోడగును. కాలువగట్లు, మాగాణి పొలములు, తెల్లవారుజామున కురియు మంచు కలసి నేలను చెమ్మగిల్లజేయును. కుక్క శరీరోష్ణము సుమారు 38 నుండి 39 డిగ్రీలు. ఎదిగిన కుక్క ముడుచుకొని, ముక్కును తోక క్రింద దాచుకొని, వణకి ఆ వేడిని నిలుపుకొనును. అప్పుడే పుట్టిన పిల్లకు ఆ శక్తి లేదు. మొదటి వారమున దానికి వణకు సైతము రాదు. మూడు నాలుగు వారములు నిండువరకు తల్లి ఒడియే దాని కుంపటి.

పల్లెలలో పెద్దలు చిత్తకార్తెను కుక్కలు జతకూడు కాలమని చెప్పుదురు. ఆ కార్తె అక్టోబరు రెండవ వారమున వచ్చును. కుక్క గర్భధారణ కాలము సుమారు 63 దినములు. లెక్కించి చూచినచో పిల్లలు పుట్టునది డిసెంబరు మధ్యలో, ధనుర్మాస ప్రవేశ సమయమున. సంవత్సరములో మిక్కిలి చలిగానుండు దినములలోనే మిక్కిలి బలహీనమైన ప్రాణులు మన వీధులలో జన్మించుచున్నవి.

ఈ సంగతి తెలియక మేమొకసారి పొరపాటు చేసితిమి. మెట్ల క్రింద పుట్టిన ఐదు పిల్లలను చూచి జాలిపడి, సిమెంటు గచ్చుపై గోనెపట్టా పరచి, చల్లబడియున్న వాటికి ఆవుపాలు పోసితిమి. తెల్లవారునప్పటికి గోనె మంచుకు తడిసినది. రెండు పిల్లలు చనిపోయినవి. చల్లబడిన పిల్ల కడుపు పాలను జీర్ణించుకొనజాలదని పశువైద్యులు పిదప మాకు వివరించిరి. ముందు వెచ్చదనము, తరువాత ఆహారము: ఇదియే మొదటి సూత్రము.

వెచ్చదనమునకు ఖరీదైన సాధనములక్కరలేదు. అది కుప్పనూర్పిళ్ళ కాలము; వరిగడ్డికి కొరత లేదు. గడ్డిపోచల నడుమ నిలిచిన గాలి వేడిని పోనీయదు. గోనె, దుప్పటి వలె గడ్డి నీటిని పట్టి ఉంచదు. నాలుగు ఇటుకలపై చెక్కపలక ఉంచి, జానెడు మందమున పొడిగడ్డి పరచి, గాలికి అడ్డముగా అట్టపెట్టె నిలిపిన చాలును. గడ్డి తడిసినప్పుడు మార్చవలెను. చల్లబడిన పిల్లను మంట దగ్గర ఉంచరాదు. వేడినీటి సీసాను గుడ్డలో చుట్టి ప్రక్కన ఉంచి, మెల్లగా వెచ్చబరచవలెను. పాలిచ్చు తల్లికి మామూలుకంటె ఎక్కువ ఆహారము పెట్టవలెను. మిగిలిన మూడు పిల్లలు ఈ విధముగనే బ్రతికినవి.

పెంపుడు కుక్కలకు ఎండ వచ్చిన తరువాతనే స్నానము చేయించి, వెంట్రుకలు పూర్తిగా ఆరనీయవలెను. ముసలివి, జబ్బుపడినవి రాత్రి లోపల పడుకొనుట మేలు. ఉదయము వాహనము కదుపుటకు ముందు దాని క్రింద చూడవలెను. ఇంజను వేడికి కుక్కలు అచ్చట చేరును. భోగిమంట నిప్పులపై నీరు చల్లవలెను. బూడిద వెచ్చదనమునకు అవి వచ్చి పడుకొనును. పిల్లల తల్లి కరవవచ్చును గనుక, అది ప్రక్కకు పోయినప్పుడే గడ్డి పరచవలెను. కరచినచో గాయమును సబ్బుతో, ధారగా పడు నీటితో 15 నిమిషములు కడిగి, ఆ దినముననే వైద్యుని చూచి రేబిస్ టీకా వేయించుకొనవలెను.

కుక్కను తాకుటకు సందేహించు మిత్రులు మనలో కలరు. గడ్డి పరచుటకు కుక్కను తాకనక్కరలేదు. దప్పికగొన్న కుక్క కొరకు బావిలోనికి దిగి, తన పాదరక్షతో నీరు తెచ్చి త్రాగించిన మనుష్యుని అల్లాహ్ క్షమించెనని హదీసు తెలుపుచున్నది. వెంట వచ్చిన కుక్కను విడిచి స్వర్గమునకు రానన్న ధర్మరాజు కథ మహాభారతమున కలదు. 1976 నాటి 42వ సవరణ ద్వారా మన రాజ్యాంగమున చేరిన 51ఎ అధికరణము ప్రాణులయెడ దయను పౌరుని విధిగా పేర్కొన్నది. రానున్న ధనుర్మాసమునకు ముందే తరగతికొక మోపు గడ్డి సిద్ధపరచుకొందము. మేము ఆలస్యముగా నేర్చిన పాఠము మీకు సకాలమున ఉపయోగపడవలెనని మా ఆకాంక్ష.