పెళ్లయిన అత్త సంతకం ఎందుకు? పిల్లలతో కలిసి భూమి చట్టం తొలి పాఠం



పోయిన నెల తొమ్మిదో తరగతి సోషల్ పీరియడ్‌లో ఆస్తి హక్కు గురించి చెబుతుంటే ఒక అబ్బాయి చెయ్యెత్తాడు. "టీచర్, మా తాతయ్య పేరు మీదున్న పొలం అమ్మి నన్ను పెద్ద చదువులు చదివించాలని నాన్న అనుకుంటున్నారు. తాతయ్య లేరు. కొనడానికి వచ్చినాయన మా అత్త కూడా సంతకం పెట్టాలన్నారు. అత్తకు ఎప్పుడో పెళ్లయిపోయింది కదా, ఆమె సంతకం ఎందుకు?" అన్నాడు. ఇంతలో వెనక బెంచీలోంచి ఒక అమ్మాయి లేచి, "అయితే మా ఇంట్లో నాకూ వాటా ఉంటుందా టీచర్?" అని అడిగింది.

ఈ రెండు ప్రశ్నలకు జవాబు చెప్పడానికి మూడు పీరియడ్లు పట్టాయి. ఆ పాఠం సారాంశం ఇక్కడ ఇస్తున్నాం. ఎనిమిదో తరగతి దాటిన పిల్లలు ఉంటే వాళ్లతో కలిసి చదవండి.

స్థిరాస్తి అంటే ఏది?

నేల, ఇల్లు, నేలకు అంటుకుని ఉన్నవి స్థిరాస్తి. బండి, బంగారం, బ్యాంకులో డబ్బు చరాస్తి. వినడానికి తేలిగ్గానే ఉంటుంది కానీ పిల్లలను ఇలా అడిగి చూడండి: "కొట్టి కలప కోసం అమ్మే టేకు చెట్టు ఏ ఆస్తి? ఏటా కాయలిచ్చే మామిడి చెట్టు ఏ ఆస్తి?" నరికి తీసుకెళ్లే కలపను చట్టం చరాస్తి కిందే చూస్తుంది. నేలలోంచి సారం తీసుకుంటూ కాపు కాసే చెట్టు స్థిరాస్తి. చెట్టును ఎందుకోసం అమ్ముతున్నారన్నదే ఇక్కడ తేడా.

ఒకప్పుడు ఆస్తి హక్కు మన రాజ్యాంగంలో ప్రాథమిక హక్కు. 1978లో 44వ సవరణతో దాన్ని ఆ జాబితాలోంచి తీసేశారు. అలాగని హక్కు పోలేదు. చట్టం ఇచ్చిన అధికారం లేకుండా ఎవరి ఆస్తినీ తీసుకోకూడదని 300ఎ అధికరణ చెబుతుంది.

మూడు కాగితాలు, మూడు ప్రశ్నలు

"పొలం మనదే అని ఏ కాగితం చెబుతుంది?" అని అడిగితే క్లాసులో ఒక్కొక్కరు ఒక్కో పేరు చెప్పారు. అన్నీ సగం జవాబులే. ఎందుకంటే ఒక్కో కాగితం ఒక్కో ప్రశ్నకు మాత్రమే జవాబిస్తుంది.

*సేల్ డీడ్: ఎవరు ఎవరికి అమ్మారు?* 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం 100 రూపాయలు, అంతకు పైబడిన స్థిరాస్తి అమ్మకం రిజిస్టర్ అయిన దస్తావేజు ద్వారానే జరగాలి. సంతకాలైన 4 నెలల్లోగా దాన్ని రిజిస్ట్రేషన్‌కు పెట్టాలని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం చెబుతుంది. అయితే అమ్మేవారికి నిజంగా హక్కు ఉందో లేదో తేల్చి తీర్పు చెప్పడం సబ్ రిజిస్ట్రార్ పని కాదు. హక్కు లేని మనిషి రిజిస్టర్ చేసి ఇచ్చినా కొన్నవారికి హక్కు రాదు. తన దగ్గర లేనిదాన్ని ఎవరూ ఇవ్వలేరు కదా! జీపీఏ మీద జరిగే 'అమ్మకాల' వల్ల యాజమాన్యం బదిలీ కాదని 2011లో సుప్రీంకోర్టు కూడా స్పష్టం చేసింది.

*ఈసీ: ఈ ఆస్తి మీద ఏమేం లావాదేవీలు జరిగాయి?* ఏ ఏడాది ఎవరు అమ్మారు, ఎవరు తనఖా పెట్టారు అన్నది ఈసీలో ఉంటుంది. కానీ రిజిస్టర్ అయినవే అందులోకి ఎక్కుతాయి. రిజిస్టర్ చేయని వీలునామా, అన్నదమ్ముల గొడవ, పేరు నమోదు కాని వారసులు అందులో కనిపించరు. ఒరిజినల్ దస్తావేజులు కుదువ పెట్టి తెచ్చిన అప్పు కూడా అన్నిసార్లూ కనిపించదు. కొనేటప్పుడు జిరాక్సులతో సరిపెట్టుకోకుండా ఒరిజినల్స్ చూపించమని పెద్దలు పట్టుబట్టేది అందుకే.

*పట్టాదారు పాసుపుస్తకం, అడంగల్ లేదా పహాణీ: రెవెన్యూ రికార్డులో ఎవరి పేరుంది?* ఆంధ్రప్రదేశ్‌లో మీ భూమి, తెలంగాణలో 2025 నుంచి భూ భారతి పోర్టళ్లలో వీటిని చూడొచ్చు. పంట రుణానికైనా, ప్రభుత్వ పథకానికైనా ఇవే ఆధారం. అయితే రెవెన్యూ రికార్డులో పేరు ఎక్కినంత మాత్రాన కొత్తగా యాజమాన్యం రాదని, పేరు లేనంత మాత్రాన ఉన్న హక్కు పోదని సుప్రీంకోర్టు ఎన్నోసార్లు చెప్పింది.

అందుకే లాయర్లు ఒక్క కాగితం చూసి ఊరుకోరు. ఇప్పటి యజమానికి ఎవరి దగ్గర్నుంచి వచ్చింది, ఆయనకు ఎవరి దగ్గర్నుంచి వచ్చింది అంటూ లింక్ డాక్యుమెంట్లన్నీ వరుసగా చూస్తారు. ఆ గొలుసులో ఒక్క లంకె తెగినా ప్రశ్న మొదలవుతుంది.

అత్త సంతకం కథ

ఇప్పుడు మన అబ్బాయి ప్రశ్నకు వద్దాం. వాళ్ల తాతయ్య ఆ పొలం సొంత సంపాదనతో కొన్నారనుకుందాం. అలాంటి ఆస్తిని ఆయన తన ఇష్టం వచ్చినవారికి వీలునామా రాయొచ్చు. రాయకుండా పోతే 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్యకు, కొడుకులకు, కూతుళ్లకు, తల్లి బతికి ఉంటే ఆమెకు సమాన వాటాలు వస్తాయి. 3 ఎకరాలుంటే, నానమ్మ, నాన్న, అత్త ముగ్గురే వారసులైతే తలా ఒక ఎకరం. అత్తకు పెళ్లయిందా లేదా అన్నది లెక్కలోకి రాదు.

అదే తాతముత్తాతల నుంచి వచ్చిన ఉమ్మడి ఆస్తి అయితే? అందులో కొడుకులకు పుట్టుకతో హక్కు ఉండేది, కూతుళ్లకు ఉండేది కాదు. దేశంలో చాలా రాష్ట్రాలకంటే ముందు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దీన్ని మార్చింది. ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన సవరణ 1985 సెప్టెంబర్ 5 నుంచి అమల్లోకి వచ్చింది. అయితే అప్పటికే పెళ్లయిన ఆడపిల్లలకు అది వర్తించలేదు. 2005 సెప్టెంబర్ 9 నుంచి కేంద్ర సవరణ ఆ తేడా కూడా తీసేసింది. కూతురి హక్కు పుట్టుకతో వచ్చినదేనని, 2005 నాటికి తండ్రి బతికి ఉండాల్సిన అవసరం లేదని 2020లో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. 2004 డిసెంబర్ 20కి ముందే చట్టబద్ధంగా పూర్తయిన పంపకాలను మాత్రం తిరగదోడరు. ముస్లింలకు, క్రైస్తవులకు, షెడ్యూల్డ్ తెగలకు వారసత్వ నియమాలు వేరు.

"పెళ్లిలో కట్నం ఇచ్చాం కదా" అన్న మాట మన ఇళ్లలో తరచూ వినిపిస్తుంది. కట్నం ఇవ్వడం, తీసుకోవడం 1961 నుంచి నేరం. అది వాటాకు బదులు కాదు. అత్త ఇష్టపడి "నాకొద్దులే అన్నయ్యా" అన్నా నోటిమాట సరిపోదు. రిజిస్టర్ చేసిన రిలీజ్ డీడ్ కావాలి. ఆమె లేకుండా నాన్న, నానమ్మ పొలమంతా రాసిచ్చినా కొన్నాయనకు దక్కేది వాళ్లిద్దరి వాటాలే. అత్త రేపు పార్టిషన్ దావా వేయొచ్చు. కొనడానికి వచ్చినాయన సంతకం అడగడం న్యాయమే.

ఇది విన్నాక ఆ అబ్బాయి, "అయితే అత్త కోపంతో ఆపలేదన్నమాట" అన్నాడు. ఇంట్లో ఎవరూ అతనికి ఆ మాట చెప్పినట్టు లేదు.

పిల్లల పేరు మీద ప్లాటు కొన్నారా?

మనలో చాలామంది పిల్లల భవిష్యత్తు కోసం వాళ్ల పేరునే ప్లాటు రిజిస్టర్ చేయిస్తాం. తర్వాత డబ్బు అవసరమైతే, తల్లిదండ్రులమే కదా అని మనమే అమ్మేయలేం. మైనర్ సొంత పేరు మీదున్న స్థిరాస్తిని అమ్మాలన్నా, తనఖా పెట్టాలన్నా ముందుగా కోర్టు అనుమతి కావాలని 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టంలోని 8వ సెక్షన్ చెబుతుంది. అనుమతి లేకుండా అమ్మితే, 18 నిండాక 3 ఏళ్లలోగా ఆ బిడ్డ దాన్ని రద్దు చేయించుకోవచ్చు. ఫీజుల కోసమే అమ్మినా నియమం ఇదే.

ఈ ఆదివారం ఇంటి పని

ఒక గంట టీవీ కట్టేసి, బీరువాలోంచి ఇంటి కాగితాలు తీయండి. ఒరిజినల్స్ పిల్లల చేతికి ఇవ్వకుండా జిరాక్సులు ఇవ్వండి.

1. దస్తావేజులో అమ్మినవారు, కొన్నవారు, తేదీ, సర్వే నంబరు, నాలుగు వైపుల హద్దులు ఎక్కడున్నాయో వెతికించండి. హద్దులు చదువుతూ ఇంటి చుట్టూ ఒకసారి నడవండి.
2. లింక్ డాక్యుమెంట్లను బట్టి ఆస్తి ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో బాణం గుర్తులతో బొమ్మ గీయించండి.
3. ఒక లెక్క ఇవ్వండి. ఎకరా 4,840 చదరపు గజాలు. అది 40 గుంటలు లేదా 100 సెంట్లు. అయితే గుంట ఎన్ని గజాలు, సెంటు ఎన్ని గజాలు? జవాబులు 121, 48.4.
4. వంశవృక్షం గీయించి, వారసులు ఎవరెవరో పిల్లలనే చెప్పమనండి. ఆడపిల్లల పేర్లు వదిలేస్తే ఎందుకు వదిలారని అడగండి.

ఇది పిల్లల కోసం రాసిన పాఠం మాత్రమే. కొనేముందు, అమ్మేముందు లాయరు చేత కాగితాలు చూపించుకోవడం తప్పనిసరి. వెనక బెంచీ అమ్మాయి అడిగిన ప్రశ్నకు జవాబు మేం క్లాసులో చెప్పాం. మీ ఇంట్లో అదే జవాబు మీ నోటి నుంచి మీ అమ్మాయి వింటే ఇంకా బాగుంటుంది.