మానే గాయానికి తొందర పనికిరాదు



నేను హాస్టల్లో ఉన్నప్పుడు మా గదిలో ఒక అమ్మాయి రాత్రి లైటు ఆర్పనిచ్చేది కాదు. దసరా సెలవులకు అందరం పెట్టెలు సర్దుకుంటుంటే ఆమెకు జ్వరం వచ్చేది. నాటకాలాడుతోందని నవ్వుకున్నాం. ఇంట్లో దగ్గరి బంధువే ఆమెను పాడుచేస్తున్నాడని చాలా ఏళ్లకు తెలిసింది. ఆ నవ్వులో నేనూ ఉన్నాను.

ఇలాంటి దెబ్బ తిన్నవారు ఎలా కోలుకుంటారో అమెరికా మానసిక వైద్యురాలు జుడిత్ హెర్మన్ 1992లో ఒక పుస్తకంలో వివరించారు. ముందు భద్రత, తర్వాత జరిగినది తలచుకుని దుఃఖించడం, ఆపైన మళ్లీ నలుగురిలో కలవడం. ఇవి వరుసగా ఎక్కే మెట్లు కావు. ఒకసారి దాటిన చోటికే మళ్లీ రావలసి ఉంటుంది.

మనం చేసే పొరపాటు మొదటిది వదిలి రెండోదానికి ఉరకడం. "మొత్తం చెప్పెయ్, భారం దిగుతుంది" అంటాం. భయం తీరకుండా తవ్వితే గాయం రేగుతుంది. "నీకు చెప్పాలనిపించినప్పుడు వింటాను" అంటే చాలు. అప్పుడే ఎందుకు చెప్పలేదని అడగకండి. ఓదార్పుకైనా సరే, అడగకుండా భుజం మీద చెయ్యి వేయకండి. స్టడీ అవర్‌లో పక్కన కూర్చోండి, భోజనానికి కలిసి వెళ్లండి. రోజూ జరిగే ఈ చిన్న పనుల మీదే నమ్మకం మళ్లీ మొలుస్తుంది. నెల రోజులు బాగున్న మనిషి ఒక వాసనకో, గొంతుకో ఉలిక్కిపడి అన్నం మానేయవచ్చు. అది మొదటికి రావడం కాదు.

అయితే "ఎవరికీ చెప్పను" అని మాత్రం ఒట్టు వేయకండి. బాధితులు పద్దెనిమిదేళ్ల లోపువారైతే, 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం విషయం తెలిసిన పెద్దలు పోలీసులకు తెలపాలి. వార్డెన్ అయినా సరే, దాచితే నేరం. మగపిల్లలకూ ఈ చట్టం వర్తిస్తుంది (వాళ్లకేం అవుతుందిలే అనుకునేవారు ఇంకా ఉన్నారు). వాంగ్మూలం తీసుకునే పోలీసులు యూనిఫాంలో రాకూడదు. బిడ్డ కోరిన చోటే తీసుకోవచ్చు. 1098కి ఉచితంగా ఫోన్ చేయవచ్చు. ఈ మాటలు మీ స్నేహితురాలికి ముందే చెప్పి, నమ్మకమైన టీచర్ దగ్గరికి ఆమెతో కలిసే వెళ్లండి. మిగతా గదులకు మాత్రం విషయం పొక్కనివ్వకండి.

ఎవరైనా సెలవులకు ఇంటికి వెళ్లనని ఏడిస్తే నవ్వకండి. బస్సు ఎక్కే రోజు దాకా ఆగకుండా, ముందే పెద్దలతో మాట్లాడండి.