ఒంటికాలి ఊత

బౌండరీ తాడుకు ఆవల కూర్చుండి క్రికెట్ ఆటను చిత్రించే ఛాయాగ్రాహకునికి కెమెరా కన్న లెన్సే పెద్ద భారం. 2018లో కానన్ సంస్థ ప్రకటించిన 400 మి.మీ. ఎఫ్/2.8 లెన్స్ బరువు 2.84 కిలోలు, దానికి ముందు తరానిది 3.85 కిలోలు. ఇంతటి భారాన్ని మోనోపాడ్ అనే ఒంటికాలి ఊతకోలపై నిలుపుతారు. కోల దృఢత్వాన్ని అందరూ పరీక్షిస్తారు గాని, దాని కొసన అమర్చే హెడ్‌ను, క్లాంపును అంతగా పట్టించుకోరు.

బాల్ హెడ్ అన్ని వైపులకూ వంగుతుంది. చూపునకు అది సుగుణమే. కాని మర సడలిన మరుక్షణం బరువైన లెన్స్ పక్కకు ఒరిగిపోతుంది. నిజానికి అన్ని కదలికలు ఇక్కడ అక్కరలేదు. పక్కలకు కోలే తిరుగుతుంది. చిత్రాన్ని నిలువుగా మార్చడానికి లెన్స్ నడుమున కాలర్ ఉంది. మిగిలినది పైకీ కిందికీ వంగడమే. అందుకు టిల్ట్ హెడ్ చాలు.

అయితే ఒక మెలిక ఉంది. కెమెరా అడుగు పలక అడ్డంగా ఉంటుంది. లెన్స్ పాదానికి బిగించే పలక దాని పొడవునా సాగుతుంది. కెమెరాకు తగినట్లున్న క్లాంపులో లెన్స్‌ను అమరిస్తే, పైకి లేవవలసినది పక్కకు వాలుతుంది. క్లాంపును 90 డిగ్రీలు తిప్పి బిగించుకోవాలి.

మీట గల క్లాంపు చిటికెలో బిగుస్తుంది. కాని ఆర్కా-స్విస్ తరహా పలకల వెడల్పు తయారీదారును బట్టి వెంట్రుకవాసి మారుతుంది. ఒకదానికి సరిపోయిన మీట మరొకదానిపై వదులు కావచ్చు. మర క్లాంపు నెమ్మదైనదే, అయినా ఏ పలకనైనా గట్టిగా పట్టుకొంటుంది. బరువైన లెన్స్‌కు అదే మేలు. పలక చివరల చిన్న ఆపుమరలు ఉంటాయి. అడ్డమని వాటిని విప్పి పారవేసేవారూ లేకపోలేదు. కోలను భుజాన వేసుకొని నడుస్తుండగా క్లాంపు కాస్త సడలితే, పలక జారిపోకుండా ఆపేవి అవే.