రాలిన ఆకుకు నిప్పు పెట్టకండి

ప్రశ్న: మాది ఉదయగిరి. ఇంటి ఆవరణలో వేప, కానుగ చెట్లున్నాయి. మాఘం దాటితే రోజూ గంపెడు ఆకు రాలుతుంది. తగలబెడితే పొగకు మా అత్తగారికి ఆయాసం వస్తోంది. ఏం చేయాలి?
– ఒక గృహిణి

జవాబు: అమ్మా, ముందు కాల్చడం ఆపేయండి. ఆకు పొగలోని సన్నని నుసి ఊపిరితిత్తుల లోపలిదాకా పోతుంది. పైగా చెత్తను ఆరుబయట కాలిస్తే రూ.5,000 జరిమానా అని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016లోనే ఆదేశించింది.

కాల్చే బదులు ఆ ఆకును ఎరువుగా మార్చుకోండి. ఉదయగిరి, ఆత్మకూరు మెట్ట ప్రాంతాలు. ఇక్కడ కుప్ప త్వరగా ఎండిపోతుంది, గుంత అయితే తేమ నిలుస్తుంది.

• గోడకు దూరంగా, నీడలో మూడడుగుల లోతు గుంత తీయండి.
• జానెడు మందాన ఆకు పరచి, పేడనీళ్లు చల్లి, పైన పలచగా మట్టి వేయండి. ఇలా వరుసలు పేర్చండి. వంటింటి కూరగాయల తొక్కలూ వేయవచ్చు, ప్లాస్టిక్ వద్దు.
• పిండితే చేతికి చెమ్మ తగిలేంత తడి చాలు. ఎండితే చెదలు పడతాయి, వాసన వస్తే ఎండుటాకు కలపండి.
• నెలకు రెండుసార్లు తిరగేస్తే నాలుగైదు నెలల్లో నల్లటి ఎరువవుతుంది.
• మిగిలిన ఆకును నిమ్మ, మామిడి పాదుల్లో మొదలుకు తగలకుండా పరచండి. వేసవిలో తేమ ఆరదు.
• పాత కుప్పలో పాములు, తేళ్లు ఉండొచ్చు. చెయ్యి పెట్టకుండా కర్రతో కదపండి.

ఆకులకు తెగులు ఉంటే గుంతలో వేసేముందు రైతు సేవా కేంద్రంలో చూపించండి. పెద్ద కొమ్మలుంటే పంచాయతీ పారిశుద్ధ్య సిబ్బందికి చెప్పండి. పొగ ఆపినా అత్తగారి ఆయాసం తగ్గకపోతే ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.