గిగాహెర్ట్జ్ ఎక్కడ ఆగిపోయింది?

2000లో పెంటియం 4 వచ్చినప్పుడు దాని వేగం 1.5 గిగాహెర్ట్జ్. 10 గిగాహెర్ట్జ్ ఎంతో దూరంలో లేదని అప్పట్లో ఇంటెల్ వాళ్లే అనేవారు. 2004 చివరికి అది 3.8 దాకా వచ్చి ఆగింది. 4 గిగాహెర్ట్జ్ చిప్పును తెస్తామని చెప్పి మరీ రద్దు చేసుకున్నారు. ఇరవై ఏళ్ల తర్వాత కూడా ఖరీదైన డెస్క్‌టాప్ చిప్పులు కాసేపు 6 దగ్గరికి ఎగిరి, వేడెక్కి, మళ్లీ కిందికి దిగుతున్నాయి.

అంటే మూర్ మాట తప్పిందా? లేదు. 1965లో ఆయన చెప్పింది చిప్పు మీద పట్టే భాగాల సంఖ్య గురించి, వేగం గురించి కాదు. వైవాలో చాలామంది దొరికిపోయేది ఇక్కడే!

వేగం సంగతి తేల్చింది ఐబీఎంలో పనిచేసిన రాబర్ట్ డెన్నార్డ్ బృందం, 1974లో. ట్రాన్సిస్టర్ కొలతల్ని 0.7 వంతుకి తగ్గించి, వోల్టేజీని కూడా అంతే తగ్గించామనుకుందాం. వైశాల్యం సగం అవుతుంది, ఖర్చయ్యే పవర్ కూడా సగమే. అంటే అదే జాగాలో రెట్టింపు ట్రాన్సిస్టర్లు పెట్టి, ఒక్కోదాన్ని 1.4 రెట్లు వేగంగా నడిపినా చిప్పు అదనంగా వేడెక్కదు. ముప్పై ఏళ్లపాటు మనకి అందింది ఈ ఉచిత భోజనమే.

చిక్కు వోల్టేజీ దగ్గర వచ్చింది. అది తగ్గాలంటే థ్రెషోల్డ్ కూడా తగ్గాలి. కానీ ఇప్పుడు మనం వాడే రకం ట్రాన్సిస్టర్‌లో, గది ఉష్ణోగ్రత దగ్గర, కరెంటు పదో వంతుకి పడాలంటే గేటు వోల్టేజీ కనీసం 60 మిల్లీవోల్టులు దిగాల్సిందే. ఇది ఫ్యాక్టరీ లోపం కాదు, థర్మోడైనమిక్స్ పెట్టిన హద్దు. థ్రెషోల్డ్ మరీ తగ్గిస్తే ఆపేసిన ట్రాన్సిస్టర్ కూడా కారిపోయే కుళాయిలా కరెంటు వదులుతూనే ఉంటుంది. అందుకే వోల్టేజీ 1 వోల్టు చుట్టుపక్కలే చతికిలబడింది. ఇక వేగం పెంచితే మిగిలేది వేడే.

దాంతో కంపెనీలు కోర్లు పెంచే దారి పట్టాయి. నాకు దీని మీద పెద్ద నమ్మకం లేదు. ప్రోగ్రాంలో పదో వంతు పని ఒకదాని తర్వాత ఒకటిగానే జరగాలంటే, ఆమ్‌డాల్ సూత్రం ప్రకారం 8 కోర్లతో వచ్చే లాభం 4.7 రెట్లే. వెయ్యి కోర్లు పెట్టినా 10 రెట్లు దాటదు.

"కోడ్ స్లోగా ఉంది, కొత్త ల్యాప్‌టాప్ కొనాలి" అని ఇంట్లో అడగబోయే జూనియర్లు ముందు ఈ లెక్క చూడండి. లక్ష సంఖ్యల్ని బబుల్ సార్ట్ చేస్తే దాదాపు 500 కోట్ల పోలికలు. మెర్జ్ సార్ట్ చేస్తే సుమారు 17 లక్షలు. పాత ల్యాప్‌టాప్ మీదే.